ఈకల మీద చదువుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ముషీరాబాద్. ఇరవై ఏళ్లుగా చికెన్ సెంటర్ నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. కోడి ఈకల్లోంచి కెరాటిన్ తీసి ప్లాస్టిక్ లాంటివి చేయొచ్చని ఎక్కడో చూసి, దాని మీదే చదువుతానని పట్టుబట్టింది. డాబా మీద రెండు బకెట్లలో ఈకలు నానబెట్టింది, ఇంటి ఓనర్‌తో రోజూ గొడవే. కంప్యూటర్ సైన్స్ చదివి ఈ కంపులోంచి బయటపడుతుందనుకుంటే మళ్లీ ఈకల్లోకే వస్తానంటోంది. అసలు ఇలాంటి కోర్సు ఉందా? చదివితే ఉద్యోగం వస్తుందా?

జవాబు: ముందు ఆ బకెట్ల సంగతి చూడండి. సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టడం వరకైతే గ్లౌజులు వేసుకుని చేసుకోనివ్వండి. అంతకు మించి మాత్రం వద్దు. ఈకలను కరిగించడానికి ల్యాబుల్లో సోడియం సల్ఫైడ్ వాడతారు. దానికి యాసిడ్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు, ప్రాణమే పోతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

ఇక కోర్సు. ఈకల పేరుతో డిగ్రీ ఏదీ లేదు, ఉన్నా చేరమని చెప్పను. 17 ఏళ్లకే అంత ఇరుకు దారిలోకి వెళ్లకూడదు. అయితే అమ్మాయి పట్టుకున్న విషయం గాలి కబురు కాదు. ఈకలో దాదాపు 90 శాతం కెరాటిన్ అనే ప్రోటీనే. మన జుట్టు, గోళ్లు కూడా ఆ జాతివే. ఈ ప్రోటీన్ పోగుల్ని సల్ఫర్ బంధాలు గట్టిగా కట్టిపడేస్తాయి, అందుకే ఈక నీళ్లలో కరగదు, తొందరగా కుళ్లదు. కొన్ని పార్లర్లలో జుట్టు స్ట్రెయిట్ చేయడానికి రాసే మందు తెంచి మళ్లీ కలిపేది ఆ బంధాలనే.

ఈకలను ఆవిరి ఒత్తిడిలో ఉడికించి పొడి చేసి దాణాలో కలపడం పాత పద్ధతే. అందులో ప్రోటీన్ బాగానే ఉన్నా కోళ్ల ఎదుగుదలకు కావాల్సిన లైసిన్, మెథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు తక్కువ, కాబట్టి దాణాలో కొంతవరకే కలపగలరు. నత్రజని ఎక్కువ కనుక నెమ్మదిగా పనిచేసే ఎరువుగానూ వాడతారు. ముంబైలోని ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) వాళ్లు జుట్టు, ఈకల్లాంటి వ్యర్థాలను ఎరువుగా, దాణాగా మార్చే పద్ధతి తయారుచేశారు. ఇంకాస్త పై మెట్టు చూస్తే, 2023లో జ్యూరిచ్, సింగపూర్ శాస్త్రవేత్తలు ఈకల కెరాటిన్‌తో, హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లో వాడే పొర చేసి చూపించారు. వినడానికి బాగుంటుంది. కానీ ల్యాబులో పనిచేసినదంతా మార్కెట్‌లో అమ్ముడుపోదు. ఉదాహరణకు ఒట్టి కెరాటిన్‌తో చేసిన ఫిల్మ్ అప్పడంలా విరిగిపోతుంది. గ్లిజరిన్ లాంటిది కలిపితే వంగుతుంది గానీ తేమను పీల్చుకుంటుంది. అమ్మాయి చూసిన వీడియోలో ఈ ముక్క ఉండి ఉండదు.

అసలు చిక్కు కెమిస్ట్రీలో కన్నా మీ షాపులోనే ఎక్కువ ఉంది. మీకు తెలియనిది కాదు, మన దగ్గర ఎక్కువ మంది అడిగేది స్కిన్‌లెస్. అంటే తోలు, ఈకలు, కొవ్వు అన్నీ కలిసి ఒకేసారి ఊడొస్తాయి. స్కిన్‌తో కావాలన్నవాళ్లకే వేడినీళ్లలో ముంచి మెషీన్‌లో వేస్తారు, అప్పుడే ఈక విడిగా వస్తుంది. పరిశోధన పేపర్లలో కడిగి, ఎండబెట్టి, కొవ్వు తీసేసిన ఈకతో మొదలుపెడతారు. మీ షాపు వెనక డ్రమ్ములో ఉండేది అది కాదు కదా! ఆదివారం మధ్యాహ్నానికి ఆ డ్రమ్ము ఎలా ఉంటుందో మీకూ మీ అమ్మాయికీ తెలిసినంతగా ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు గురించి వినే ఉంటారు. దాని టెక్నాలజీ తార్నాకలోని ఐఐసీటీది (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ). అక్కడ చెత్తంతా ఒకే చోట దొరుకుతుంది. చికెన్ షాపులు గల్లీకొకటి. రెండు కిలోల కోడికి ఈకలు బరువులో 5 నుంచి 7 శాతం, అంటే 100 నుంచి 140 గ్రాములు. అవి తడిసి, నెత్తురు అంటి, కొన్ని గంటల్లోనే కంపు కొట్టేవి. వాటిని ఎవరు సేకరించాలి, ఎక్కడ వేరు చేయాలి, ఆరబెట్టడానికి ఎంత కరెంటు ఖర్చవుతుంది? వ్యాపారం నిలబడేదీ పడిపోయేదీ ఈ లెక్కల దగ్గరే. కరిగించడం, వడగట్టడం, ఆరబెట్టడం, వాటి ఖర్చు లెక్కగట్టడం, ఇవన్నీ నేర్పేది కెమికల్ ఇంజినీరింగ్.

అందుకే నా ఓటు బీటెక్ కెమికల్‌కి. ఈఏపీసెట్ ఎలాగూ రాస్తోంది. ఉస్మానియా కాలేజ్ ఆఫ్ టెక్నాలజీని పై వరుసలో పెట్టుకోండి. ఈకలు కలిసిరాకపోయినా జీడిమెట్ల, పటాన్‌చెరు వైపున్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో రోజూ జరిగేది ఇదే పని. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాకపోవచ్చు, అది ముందే మనసులో పెట్టుకోండి. బీటెక్ తర్వాత పరిశోధన వైపే మనసుంటే గేట్ రాసి పాలిమర్లు లేదా మెటీరియల్స్‌లో ఎంటెక్ చేయవచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

కంప్యూటర్ సైన్స్‌లో బలవంతంగా చేర్పిస్తే ఏమవుతుందని మీరు అడగలేదు, అయినా చెబుతాను. అలా చేరి రెండో ఏడాదిలో బ్యాక్‌లాగ్‌లతో నా దగ్గరికి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. కోడింగ్ ఇష్టమైతే వేరే మాట. ఈ అమ్మాయి ఇష్టం ఎటు ఉందో డాబా మీద కనిపిస్తూనే ఉంది.

మీ బాధ నాకు అర్థమైంది. మీరు ఇరవై ఏళ్లు కత్తి పట్టింది పిల్ల ఈ వాసన పీల్చకూడదనే. కానీ ఆమె వస్తానంటున్నది మీ షాపు కౌంటర్ దగ్గరికి కాదు, ఆ వెనక డ్రమ్ము దగ్గరికి. దాన్ని ఖాళీ చేసే దారి ఇన్నేళ్లలో మీకైనా దొరికిందా?

పరీక్షలయ్యాక నాలుగు ఆదివారాలు ఆమెను షాపులో కూర్చోబెట్టండి. స్కిన్‌తో ఎన్ని కోళ్లు పోయాయి, స్కిన్‌లెస్ ఎన్ని, తడి ఈకల బరువెంత, అవే ఎండాక ఎంత, ఆ వేస్ట్ ఎవరు తీసుకెళ్తున్నారు, వాళ్లకు మీరిచ్చేదెంత, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ నోట్‌బుక్ పట్టుకుని తండ్రీకూతుళ్లిద్దరూ చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థకు ఒకసారి వెళ్లి మాట్లాడి రండి. ఈలోపు ఆ బకెట్లు ఖాళీ చేయించండి, ఓనర్ కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటాడు.