మంచు మసకగా వస్తోందా? ముందు ఆకాశం చూడండి

వాటర్‌కలర్‌లో వేసిన మీ కాశ్మీర్ పల్లె బొమ్మలో మంచు సిమెంటు నేలలా ఉందని అడిగారు కదా. దానికి కారణం, నీడల్లో నలుపు కలిపి, దాన్ని కప్పడానికి పైన తెల్ల రంగు పూయడమే. వాటర్‌కలర్‌లో తెల్ల రంగు ఎంత పూసినా కాగితం తెలుపంత మెరవదు. ఆ షీటును కాపాడాలని చూడకండి, కొత్తది తీయండి. 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ (మందంగా, కాస్త గరుకుగా ఉండే వాటర్‌కలర్ కాగితం) అయితే మేలు.

1. ఇళ్ల కప్పులు, పొలం గట్లు, పాప్లార్ చెట్లు పెన్సిల్‌తో లేతగా గీయండి. ఎండ పడే మంచుకు రంగు తగలనివ్వకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆకాశాన్ని ముదురుగా వేయడం. పక్కన ముదురు లేకపోతే ఖాళీ కాగితం ఖాళీగానే కనిపిస్తుంది, మంచులా కాదు. ఆకాశం భాగం మాత్రమే తడిపి, కోబాల్ట్ బ్లూలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి కప్పుల అంచుల దాకా వేయండి. "అయ్యో, ఎక్కువైందే" అనిపించాలి. ఆరాక ఎలాగూ లేతబడుతుంది.

3. పూర్తిగా ఆరాకే నీడలు. నీళ్లు ఎక్కువగా కలిపిన అల్ట్రామెరీన్ నీలం చాలు. నీడలోని మంచు మీద పడేది నీలాకాశపు వెలుగే కదా! ఇంటి నీడ అంచు స్పష్టంగా ఉండనివ్వండి. నేల వంపుల దగ్గర మాత్రం శుభ్రమైన తడి బ్రష్‌తో ఒక అంచును కరిగించండి.

4. చెక్క గోడలు, చెట్ల మానులు చివర్లో.

రాలే మంచు కావాలంటే తెల్ల గ్వాష్‌ను (కింది రంగును కప్పేసే చిక్కటి నీటి రంగు) పాత టూత్‌బ్రష్‌తో చిలకరించండి. తెల్ల రంగు పని అంతవరకే.