బిల్లు మొత్తం కట్టేదాకా బండి ఇవ్వం అంటున్నారు, రెండో తాళంతో తెచ్చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు అండి, బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ జాబ్ చేస్తున్నాను. నాలుగేళ్ళ 150 సీసీ బండి, షోరూమ్ వాళ్ళ సర్వీస్ సెంటర్‌లో జనరల్ సర్వీస్‌కి ఇచ్చాను, జాబ్ కార్డు మీద 2,800 అవుతుందని రాశారు. సాయంత్రం వెళ్తే 9,640 బిల్లు చేతిలో పెట్టారు. చైన్ స్ప్రాకెట్ కిట్, క్లచ్ ప్లేట్లు, వాటి లేబర్ కలిపి 5,400 అంట, ఇంజిన్ ఫ్లష్, టెఫ్లాన్ కోటింగ్, కన్స్యూమబుల్స్ అని ఇంకో 1,440. ఇవేవీ నేను చెయ్యమనలేదు. ఫోన్ చేశాం ఎత్తలేదు అంటున్నారు, నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు ఒక మిస్డ్ కాల్ వచ్చిన మాట నిజమే. మొత్తం కడితేనే బండి, లేకపోతే రోజుకి 100 పార్కింగ్ కూడా పడుతుంది అంటున్నారు. బండి బయటే లైన్లో ఉంది, రెండో తాళం నా దగ్గరుంది. తెచ్చేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ తాళం జేబులోంచి తియ్యకండి. నా బండి నేను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది అని మీకు అనిపించొచ్చు కానీ అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దొంగతనం గురించి, పాత ఐపీసీలో ఇదే 378. అందులో చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది, గడియారం రిపేరుకిచ్చినవాడు ఆ రిపేరు డబ్బులు బాకీ ఉండగా, షాపువాడు బాకీ కోసం చట్టప్రకారం అట్టిపెట్టుకున్న సొంత గడియారాన్ని, వాడికి ఆ హామీ లేకుండా చెయ్యాలని తీసుకెళ్తే అది దొంగతనమే అని. మీరు కనీసం ఆ 2,800 అయినా బాకీ ఉన్నారు కదా, అది కట్టకుండా బండి స్టార్ట్ చేసుకుని వచ్చేస్తే సీసీ కెమెరా ఫుటేజ్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళేది వాళ్ళు, సంజాయిషీ చెప్పుకునేది మీరు. న్యాయం మీ వైపు ఉన్న కేసుని చేతులారా పాడు చేసుకున్నట్టు అవుతుంది.

అయితే వాళ్ళకి బండి ఆపే హక్కు ఎంతవరకు ఉంది? 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, మీరు అప్పగించిన వస్తువు మీద పనితనం చూపించి పని చేసినవాడు ఆ పనికి కూలి అందేదాకా ఆ వస్తువుని తన దగ్గర ఉంచుకోవచ్చు. మెకానిక్‌కి, టైలర్‌కి, అందరికీ ఈ హక్కు ఉంది, అది న్యాయమే కూడా. కానీ ఆ హక్కు మీరు ఒప్పుకున్న పని వరకే. ఆయిల్ మార్చడం, ఫిల్టర్, బ్రేకులు చూడటం, వాటర్ వాష్, అంటే మీరు సంతకం పెట్టిన జాబ్ కార్డులో ఉన్నది. మీరు చెయ్యమనని క్లచ్ ప్లేట్లకి, టెఫ్లాన్ కోటింగ్‌కి బండిని తాకట్టులాగా పట్టుకోవడం నా ఉద్దేశంలో నిలబడదు. మిస్డ్ కాల్ ఒప్పుకోలు కాదు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి మీ జవాబు కోసం ఆగడానికి వాళ్ళకి ఒక్క నిమిషం పట్టేది. ఇక పార్కింగ్ 100 అంటారా, బాకీ కోసం తన లాభానికి తాను అట్టిపెట్టుకున్నవాడు దానికి మీ దగ్గర అద్దె అడగడానికి ముందే ఒప్పందం ఉండాలి, కాబట్టి జాబ్ కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో అలాంటి మాట ఏమైనా ఉందేమో ఇవాళే చదవండి, లేకపోతే ఆ డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చెప్తాను. ఇవాళే సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టండి, కంపెనీ కస్టమర్ కేర్‌ని కూడా సీసీలో పెట్టండి. జాబ్ కార్డు ప్రకారం 2,800 కట్టడానికి సిద్ధం, మిగతా పనులు నన్ను అడక్కుండా చేశారు, నాకు అక్కర్లేదు, పాత చైన్ స్ప్రాకెట్, పాత క్లచ్ ప్లేట్లు తిరిగి వేసి బండి ఇవ్వండి అని రాయండి. ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఎందుకంటే రేపు వాళ్ళు అదే కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ ఎత్తుతారు, ఉచితంగా చెయ్యాలనుకోని పని వల్ల అవతలివాడు లాభం పొందితే వాడు దానికి డబ్బు ఇవ్వాలి అనే సెక్షన్ అది. కానీ అవతలివాడికి వద్దు అనే అవకాశం ఉండాలి, 1961లో బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి చెప్పింది. మీరు వద్దన్నట్టు కాగితం మీద ఉండాలి, అంతే. పాత పార్టులు పారేశాం అన్నారంటే, అసలు అరిగాయని రుజువు చేసుకోవడం వాళ్ళకే కష్టం. ఉన్నాయంటే వెళ్ళి దగ్గరగా ఫోటోలు తీసుకోండి, స్ప్రాకెట్ పళ్ళు కొక్కెంలాగా ఒక పక్కకి వంగి మొన తేలాయా, లేక ఇంకా మొద్దుగా నిండుగా ఉన్నాయా అన్నది ఫోటోలోనే తెలిసిపోతుంది, వంగి ఉంటే మాత్రం ఆ కిట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోకండి.

దానికీ ఒప్పుకోకపోతే, బండి లేకుండా రోజూ ఆఫీసుకి ఆటోలకి తగలేసుకునే కంటే మొత్తం 9,640 కట్టేసి బండి తెచ్చుకోండి. ఇది ఓడిపోవడం కాదండి, దయచేసి అలా అనుకోకండి. కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ ప్రకారం బలవంతం మీద కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. అక్కడ కూడా చట్టం ఒక ఉదాహరణ చెప్పింది, రైల్వే కంపెనీ చట్టవిరుద్ధమైన చార్జీ కడితేనే సరుకు ఇస్తాం అంటే, సరుకు కోసం కట్టినవాడు ఎంత ఎక్కువ కట్టాడో అంతా రాబట్టుకోవచ్చు అని. మీ బండి సంగతీ అదే. కాకపోతే కట్టేముందే అభ్యంతరంతో కడుతున్నాను, బండి ఆపినందుకు కడుతున్నాను అని మెయిల్ పెట్టండి, యూపీఐ రిమార్క్‌లో కూడా రాయండి, బిల్లు మీద సంతకం అడిగితే దాని పక్కన అదే మాట రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. క్యాష్ ఇవ్వొద్దు. "సర్వీస్‌తో సంతృప్తి చెందాను" అనే ఫీడ్‌బ్యాక్ ఓటీపీ అడుగుతారు, అది మాత్రం అస్సలు చెప్పకండి.

బిల్లు కూడా ఒకసారి లైన్ లైన్‌గా చూడండి, ఇక్కడ చాలామంది మోసపోతున్నారు, నాకు బాధగా ఉంటుంది. స్పేర్ పార్టు ప్యాకెట్ మీద ఉండే ఎమ్మార్పీలో ట్యాక్స్ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టులకి 18 శాతం జీఎస్టీ, అంతకుముందు చాలా పార్టులకి 28 ఉండేది. ప్యాకెట్ మీద 1,180 ఉంటే బిల్లులో ధర 1,000, ట్యాక్స్ 180 అని రావాలి. అలా కాకుండా 1,180 వేసి దానిమీద మళ్ళీ 18 శాతం అని 212 లాగితే అది తప్పు, దాని మీద లీగల్ మెట్రాలజీ, అంటే తూనికలు కొలతల శాఖ వాళ్ళకి విడిగా కంప్లైంట్ ఇవ్వొచ్చు. జీఎస్టీ నంబర్ కర్ణాటకది అయితే 29తో మొదలవుతుంది, అసలు నంబరే లేని బిల్లు మీద జీఎస్టీ వసూలు చెయ్యకూడదు. లేబర్‌కి మాత్రం ఎమ్మార్పీ ఉండదు, బయట మెకానిక్ 300కి చేస్తాడు వీళ్ళు 900 తీసుకున్నారు అని వాదిస్తే గెలవడం కష్టం. రేటు ఎక్కువ అనే గొడవలోకి వెళ్ళకండి, అడక్కుండా చేశారు అన్న ఒక్క మాట మీదే నిలబడండి.

బండి చేతికొచ్చాక ముందు 1915కి ఫోన్ చెయ్యండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, కంపెనీతో మాట్లాడి సెటిల్ చేయించే ప్రయత్నం చేస్తుంది. కుదరకపోతే 15 రోజులు టైమ్ ఇచ్చి నోటీసు, ఆ తర్వాత 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌లో కంప్లైంట్. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు, జాబ్ కార్డు, బిల్లు, మెయిల్స్, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, ఒక అఫిడవిట్ ఉంటే చాలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు. జరిగిన రోజు నుంచి రెండేళ్ళ టైమ్ ఉంది. కమిషన్ పంపిన నోటీసు అందాక వాళ్ళు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇంకో 15 రోజులు అడగొచ్చు, అంతకు మించి కమిషన్ ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ ఇంకా ఎక్కువే పడుతుందని అనుకునే వెళ్ళండి. 6,840 మొత్తంతో పాటు ఖర్చులు, మనోవేదనకి పరిహారం కూడా అడగండి. టెఫ్లాన్, ఫ్లష్ లాంటివి వెనక్కి రావడానికి అవకాశం గట్టిగానే ఉంది, క్లచ్ ప్లేట్ల సంగతి పాత వాటి పరిస్థితిని బట్టి ఉంటుంది.

పోలీసుల దగ్గరికి దీనికోసం వెళ్ళొద్దు, సివిల్ మేటర్ అని పంపించేస్తారు, మీ మీద చెయ్యి చేసుకుంటేనో లోపల నిర్బంధిస్తేనో అప్పుడు 112. ఇంకో విషయం, కేసు నడిచేలోపు జాబ్ మారి బెంగళూరు వదిలేస్తే ఎలా అని భయపడకండి, వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతానని కమిషన్‌ని అడగొచ్చు. ఒకవేళ కేసు వెయ్యకముందే ఊరికి వచ్చేస్తే కంప్లైంట్ చేసేవాళ్ళు ఉండే చోట కూడా కేసు వెయ్యొచ్చని వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ చెప్తోంది, కాబట్టి కడప జిల్లా కమిషన్‌లోనే వేసుకోండి, బెంగళూరు నుంచి వాళ్ళే వచ్చి జవాబు చెప్పుకుంటారు.