బ్యాక్టీరియాను ఆపే హాప్స్‌కు మళ్లీ ల్యాబ్ పరీక్షలు ఎందుకు?

బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులు కొన్ని రకాల బ్యాక్టీరియాను మాత్రమే అడ్డుకుంటాయి. బూజును, పురుగుమందుల అవశేషాలను, సీసం లాంటి లోహాలను ఏమీ చేయలేవు కాబట్టి పరీక్షలు తప్పవు.

హాప్స్‌లోని చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలు బీరు తయారీలో మరుగుతున్నప్పుడు ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారతాయి. బీరును పులుపెక్కించే లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాను ఇవి చాలావరకు ఆపుతాయి. వాటిలోనూ తట్టుకుని బతికే మొండి జాతులున్నాయి. ఇక తోటలో హాప్స్ తీగకు బూజు తెగుళ్లు, పేనుబంక ఎక్కువ. అందుకే జర్మనీలోని హాలర్‌టావ్‌లోనైనా, అమెరికాలోని యాకిమాలోనైనా మందులు కొట్టడం మామూలే. వాటి అవశేషాలు ఆయా దేశాల పరిమితి దాటలేదని ల్యాబ్ తేల్చాలి. తేమ కూడా చూస్తారు: ఎండబెట్టాక సుమారు 8–10 శాతం ఉండాలి. బాగా ఎక్కువైతే బేళ్లు లోపల వేడెక్కి, ఒక్కోసారి అంటుకుంటాయి కూడా.

పాతబడిందో లేదో ఎలా తెలుస్తుందంటే, హాప్స్ సారాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి 275, 325 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. తాజా సరుకులో ఇది 0.25 దరిదాపుల్లో ఉంటుంది. గాలి, వేడి తగిలేకొద్దీ పెరుగుతుంది, చేదు తగ్గుతుంది.

‘ఎలాగూ మరిగిస్తారుగా, అన్నీ పోతాయి’ అనుకోవడం పొరపాటు. మరిగిస్తే లోహాలు పోవు, పురుగుమందులన్నీ పోవు. పైగా డ్రై హాపింగ్‌లో హాప్స్‌ను చల్లారిన బీరులోనే వేస్తారు. ఆల్కహాల్, పులుపు వల్ల రోగకారక క్రిములు అందులో బతకడం అరుదే గానీ, అడవి ఈస్ట్ (కావాలని వేయని ఈస్ట్) చేరితే రుచి చెడుతుంది.