పాత ఫారెస్టర్‌లో టర్బో ఇంజిన్: పెట్టించాను, మళ్లీ తీయించాను

"2006 మోడల్ షెవర్లే ఫారెస్టర్, ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. బాగుచేయించే బదులు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ టర్బో ఇంజిన్ పెట్టిస్తే బెంగళూరులో నడుస్తుందా? ఎంతవుతుంది?" అని మీరు అడిగారు. నడుస్తుంది. డబ్ల్యూఆర్ఎక్స్ అంటే సుబారు వారి వేగం బండి, టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం. 2019లో నా 2005 ఫారెస్టర్‌కి ఇదే పని చేయించాను. రెండేళ్లు తిరిగాక మళ్లీ పాత ఇంజినే బిగించుకున్నాను.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో నాకు బాగా తెలుసు. పేరుకు షెవర్లేగానీ అది అచ్చంగా సుబారు బండి. అప్పట్లో సుబారు కార్లు చేసే ఫుజి హెవీ కంపెనీలో జనరల్ మోటార్స్‌కి 20 శాతం వాటా ఉండేది. ఆ చుట్టరికంతోనే మన దేశానికి షెవర్లే బిళ్ల తగిలించుకుని వచ్చింది. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ పవర్ అందుతుంది, సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే రెండు లీటర్ల బాక్సర్ ఇంజిన్, సుమారు 120 హార్స్‌పవర్. చెన్నైలో మా తమ్ముడి దగ్గర ఉన్నన్నాళ్లు బాగానే లాగేది, ఇక్కడికి తెచ్చాక నీరసపడింది. అది భ్రమ కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చన, కాబట్టి టర్బో లేని ఇంజిన్‌కి శక్తి ఓ పది శాతం తగ్గుతుంది. టర్బో ఆ లోటు పూడ్చి పైన ఇంకా ఇస్తుంది. పైగా పాత ఇంజిన్, టర్బో ఇంజిన్ రెండూ సుబారు ఈజే20 కుటుంబమే, గేర్‌బాక్సుకు బిగిసిపోతుంది. ఇంకేం కావాలి అనుకునే నేనూ దిగాను.

కొందరు పాత ఇంజిన్‌కే టర్బో తగిలించమని సలహా ఇస్తారు. ఆ మాట వినకండి. పాతదాని కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 10కి 1 దగ్గర ఉంటుంది, కంపెనీ టర్బో ఇంజిన్లకు 8, 9 దగ్గరే ఉంచుతారు. పాత ఇంజిన్‌కి ఒత్తిడి గాలి ఎక్కిస్తే నాకింగ్, అంటే పెట్రోల్ అదుపు తప్పి పేలడం మొదలై పిస్టన్లు పగులుతాయి.

నేను ముంబైలో ఒకరి దగ్గర ఇంజిన్, దాంతోపాటు గేర్‌బాక్సు కొన్నాను. 1,40,000 అయింది. మా మెకానిక్‌ది ముళబాగిలు వైపు, తెలుగే మాట్లాడతాడు. లారీలోంచి దించి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంజిన్ తెచ్చినారు సరే సార్, దాని బండేదీ?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత నెలకొకటి చొప్పున అర్థమైంది. టర్బోకి ఎగ్జాస్ట్ పైపు ఇంజిన్ కిందుగా పోవాలి, ఇంజిన్‌ని మోసే అడ్డ దూలం, పాత క్రాస్‌మెంబర్, అడ్డం వస్తుంది, కాబట్టి టర్బో బండి క్రాస్‌మెంబర్ కావాలి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (దొంగతాళం అడ్డుకునేది), మొత్తం వైరింగ్ ఆ బండివే కావాలి. ఫ్యూయల్ పంపు పెద్దది కావాలి. రేడియేటర్, బ్రేకులు సరేసరి. వీటికోసం చెన్నై వెళ్లి పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో రెండు రోజులు తిరిగాను. లాన్సర్, అకార్డ్ సామాన్లు గుట్టలుగా ఉన్నాయి, సుబారు అనగానే నవ్వారు. వైరింగ్ ఒక్కటే ఆరు వారాలు తిన్నది. బండి రోడ్డెక్కేసరికి ఖర్చు నాలుగు లక్షలు దాటింది. మీరు ఎవరిని అడిగినా ముందు ఇంజిన్ ధరే చెబుతారు. దాన్ని మూడుతో గుణించుకోండి.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. ఇంజిన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు, క్లచ్ మార్పించాను. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. లోపలికి దించాక ఆ పని చేయాలంటే ప్రాణం పోతుంది.

చేసిన పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మొదటి వారం అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బిగుసుకుపోయి, టైర్లు కీచుమనేవి. కొన్నాళ్లకు గేర్‌బాక్సు దగ్గర మాడువాసన. సంగతేమిటంటే, గేర్‌బాక్సు మార్చి వెనక డిఫరెన్షియల్ పాతదే ఉంచాను. డిఫరెన్షియల్ అంటే ఎడమ, కుడి చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె. గేర్‌బాక్సులో ఉండే ముందు డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి, వెనక డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి ఒకటే కావాలి. సుబారులో పెద్ద చక్రానికి 40 పళ్లు, చిన్నదానికి 9 పళ్లు అయితే 4.44, 37 పళ్లు, 9 పళ్లు అయితే 4.11. ముందు ఒకటి, వెనక ఒకటి పెడితే రెండు ఇరుసులు ఎనిమిది శాతం తేడాతో తిరగాలని చూస్తాయి. రోడ్డు ఒప్పుకోదు. ఆ గొడవంతా ముందుకీ వెనక్కీ పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్, దానిలో చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగ్ మీద పడి అది మాడిపోతుంది. రెండు చక్రాల డ్రైవ్ బండి అయితే ఈ బాధే లేదు, కాబట్టి మామూలు కార్లు చేసే మెకానిక్‌కి ఇది తట్టదు. నాకూ తట్టలేదు. గేర్‌బాక్సు కొంటే దాని జత వెనక డిఫరెన్షియల్ కూడా అదే బండిది తీసుకోండి. అన్నట్టు, నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. ఒక్క కొత్త టైరు వేసినా అదే బాధ చిన్న మోతాదులో మొదలవుతుంది.

ఇక వేడి. టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తినే కూర్చుంటుంది, గాలి బానెట్ మీది స్కూప్ (గాలి లోపలికి పోయే తెరుపు) లోంచి రావాలి. మన బానెట్‌కి స్కూప్ ఉండదు, కోయించాను. బండి పరిగెడితే గాలి వస్తుంది, ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర నిలబడితే ఎక్కణ్నుంచి వస్తుంది? ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో ఉడికాక గ్రీన్ పడితే, పాత ఇంజినే నయమనిపించేంత మందంగా కదిలేది. తెల్లవారుజామున నంది హిల్స్ రోడ్డు మీద మాత్రం, అబద్ధం చెప్పను, నాలుగు లక్షలూ గుర్తొచ్చేవి కావు. పెట్రోల్ ఇంకో టెన్షన్. జపాన్ ఇంజిన్ 100 ఆక్టేన్ పెట్రోల్‌కి ట్యూన్ చేసి ఉంటుంది. ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్ తక్కువ. ఇండియన్ ఆయిల్ వారి 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 వచ్చిందే 2020 డిసెంబర్‌లో. అంతవరకు కొన్ని బంకుల్లో దొరికిన 99 ఆక్టేన్ పెట్రోల్ పవర్ 99తో నెట్టుకొచ్చాను. ఊళ్లకు వెళ్తే మామూలు పెట్రోల్ పోయించుకుని, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించకుండా నడపాలి.

ఇదంతా భరించేవాణ్నే, కాగితాలు ఆపేశాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నా ఇంజిన్‌కి సరైన బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి కాగితం, కూడా లేదు. 2020లో ఆర్‌సీకి 15 ఏళ్లు నిండాయి, కోవిడ్ వల్ల గడువు 2021 దాకా పొడిగిస్తూ పోయారు కాబట్టి కొన్నాళ్లు గడిచింది. తర్వాత తప్పలేదు. రెన్యువల్‌కి ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ చూస్తారు. పాత ఇంజిన్‌ని అదృష్టంకొద్దీ అమ్మలేదు, దాన్నే బాగుచేయించి పెట్టించాను. ఆ రెండేళ్లలో ఎవరికైనా గుద్ది ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమనేవారో తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. టర్బో ఇంజిన్ హిందూపురంలో మా మామగారి పశువులపాకలో గోనెసంచి కప్పుకుని ఉంది. ఎప్పుడు తీసుకెళ్తావని ప్రతి సంక్రాంతికీ అడుగుతారు.

కాబట్టి మీ పాత ఇంజిన్ ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఆయిల్ తాగడం రింగుల వల్లా, వాల్వ్ సీల్స్ వల్లా, లేక గాస్కెట్ల దగ్గర బయటికే కారుతోందా తేలాలి. నాకు రింగులు, గాస్కెట్లు, బెల్టు అన్నీ కలిపి లక్షలోపే అయింది. ఒకవేళ టర్బోనే కావాలనుకుంటే బండి మొత్తం దొరికేదాకా ఆగండి, విడి ఇంజిన్ కొనకండి. మీరు ఆర్‌సీ గడువు రాయలేదు. 2006 బండి అంటే 2021లో ఒకసారి రెన్యువల్ అయి ఉండాలి, అది ఐదేళ్లకే ఇస్తారు. ఆ తేదీ చూసి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.