పాడేవాళ్ళ ముందు నిలబడబోయే శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

క్వయర్ (బృందగానం), ఒపెరా (పాటలతోనే సాగే నాటకం) కండక్టింగే, అంటే పాడేవాళ్ళనీ వాయించేవాళ్ళనీ చేతి సైగలతో నడిపించడమే వృత్తిగా తీసుకుంటానని రాశావు. ఏ కోర్సులో చేరాలి, ఎలాంటి బ్యాటన్ (కండక్టర్ చేతి కర్ర) కొనాలి అని అడిగావు. పియానో ఎంతవరకు వచ్చింది, ఇటాలియన్ మొదలుపెట్టావా అన్నది మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒపెరా కండక్టర్లలో చాలామంది పోడియం (కండక్టర్ నిలబడే వేదిక) ఎక్కింది పియానో స్టూలు మీద ఏళ్ళు గడిపాకే. ఒపెరా హౌస్‌లో మొదటి మెట్టు రెపెటిటర్ ఉద్యోగం. గాయకులకు పాత్ర నేర్పడం, స్టేజి రిహార్సళ్ళలో ఆర్కెస్ట్రా మొత్తానికి బదులు పియానో వాయించడం, ఆ రోజు రాని గాయకుడి వంతు తనే పాడడం, తెర వెనక క్వయర్‌కి బీట్ చూపించడం, ఇవన్నీ ఆ మనిషి పనులే. పేరుమోసిన కండక్టర్లనే చూడు. సోల్టీ బుడాపెస్ట్ ఒపెరాలో రెపెటిటర్‌గా పనిచేశాకే 1938లో అక్కడ మోట్సార్ట్ ఒపెరా ‘ఫిగరో’ నడిపించాడు. థీలెమాన్ 1978లో బెర్లిన్ డాయిష్ ఒపెరాలో ఇదే ఉద్యోగంతో మొదలుపెట్టాడు. లండన్ రాయల్ ఒపెరా హౌస్‌కి 2002 నుంచి 2024 దాకా సంగీత దర్శకుడిగా ఉన్న పప్పానోదీ ఇదే దారి. సిమోన్ యంగ్‌దీ అంతే. 1993లో వియన్నా స్టేట్ ఒపెరాలో కండక్ట్ చేసిన తొలి మహిళ ఆమె.

ఈ ఉద్యోగాల ఆడిషన్లలో మళ్ళీ మళ్ళీ అడిగేవి కొన్ని ఉన్నాయి: ‘ఫిగరో’ రెండో అంకం ఫినాలే (ముగింపు ఘట్టం), ‘కార్మెన్’ రెండో అంకంలోని క్వింటెట్ (ఐదుగురి పాట), ‘లా బొహెమ్’లో ఒక అంకం, రిచర్డ్ స్ట్రాస్ ‘ఎలెక్ట్రా’ లేదా ‘సలోమే’ నుంచి కొన్ని పేజీలు. వాయిస్తూనే అందరి వంతులూ పాడాలి. గొంతు బాగుండనక్కర్లేదు, మాట స్పష్టంగా, లయలో పడితే చాలు. చాలామంది తప్పేది ఎక్కడంటే, పియానో స్కోర్‌లో (ఒపెరాని పియానోకి కుదించిన స్వరలిపిలో) అచ్చయిన ప్రతి స్వరాన్నీ వాయించబోయి లయ పోగొట్టుకుంటారు. బేస్ స్వరం, హార్మొనీ, నడక, ఈ మూడూ నిలబెట్టి మిగతాది వదిలేయి. ‘ఎలెక్ట్రా’లో ఏది వదలాలో తెలియడమే పరీక్ష. తప్పు పడితే ఆగకు. నువ్వు వాయించేటప్పుడు ఎదుటివాళ్ళు అకస్మాత్తుగా చేయి చూపించి టెంపో మారుస్తారు. స్కోర్ మీంచి కన్నెత్తని పియానిస్టు అక్కడే దొరికిపోతుంది.

భాషల్లో ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ తప్పనిసరి. ఉచ్చారణ ఒక్కటే వస్తే సరిపోదు, ప్రతి మాటకీ అర్థం తెలియాలి. పెన్సిలుతో స్కోర్‌లో మాట కింద మాట రాసుకో. లాటిన్‌కి కూడా ఒకే ఉచ్చారణ లేదని గుర్తుంచుకో. ఇటాలియన్ పద్ధతి వేరు, జర్మన్ పద్ధతి వేరు. ఏది కావాలో మొదటి రిహార్సల్‌లోనే చెప్పకపోతే ఎనభై మంది ఎనభై రకాలుగా పలుకుతారు, తర్వాత దిద్దడం చాలా కష్టం.

ఇక చేతుల సంగతి. నాలుగు బీట్ల నమూనా, మూడు బీట్ల నమూనా వారంలో వస్తాయి. రానిది అప్‌బీట్, అంటే మొదటి బీట్‌కి ముందు చేయి పైకి లేపి ఇచ్చే సైగ. టెంపో, బలం, స్వభావం మూడూ ఆ ఒక్క కదలికలోనే పాడేవాళ్ళకి అందాలి, ఎందుకంటే వాళ్ళు ఊపిరి పీల్చేది అప్పుడే. అప్‌బీట్ గబుక్కున ఇస్తే ఊపిరి పైపైనే అందుతుంది, మొదటి స్వరం గొంతు నొక్కి వస్తుంది. నీ ఊపిరి కూడా ఆ టెంపోలోనే, వాళ్ళతో పాటే లోపలికి వెళ్ళాలి. నువ్వు బిగపడితే వాళ్ళూ బిగపడతారు. వయొలిన్లకు ఈ లోపం కొంత దాగుతుంది గానీ గొంతులకు దాగదు. పాడేవాళ్ళ ఊపిరికి చోటివ్వడం చేతనైతే తక్కిన చాలా లోపాల్ని వాళ్ళు భరిస్తారు.

సాధన చేసేటప్పుడు కెమెరాను ఎదురుగా పెట్టి తీసుకుని, తర్వాత శబ్దం ఆపేసి చూడు. టెంపో, బలం కేవలం చూపుతో తెలుస్తున్నాయా? రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా కదులుతుంటే ఎడమ చేతిని జేబులో పెట్టుకుని ఒక గంట సాధన చెయ్యి. బీట్‌తో పాటు మోకాళ్ళు వంగడం, భుజాలు లేవడం, పాడేవాళ్ళతో పాటు నోరు కదపడం, ఈ మూడింటి మీదా కన్నేసి ఉంచు. చివరిది అన్నిటికంటే చెడ్డది. నువ్వు పాడుతున్నంతసేపూ నీకు వినపడేది నీ గొంతే.

బ్యాటన్ విషయం రెండు మాటల్లో. 35 నుంచి 40 సెంటీమీటర్లు, తెల్లది, పిడి దగ్గర బరువు సమంగా తూగేది. చిన్న క్వయర్‌కి అది లేకపోయినా ఫర్వాలేదు. ఆర్కెస్ట్రా వచ్చి చేరితే, పిట్‌లో (స్టేజి ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలో) దిగితే కావాలి. ఖరీదుకీ దీనికీ సంబంధం లేదు.

క్వయర్ రిహార్సల్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీకు మొదట దొరికే పని అదే. రెండున్నర గంటలు దొరికిందనుకో, పది నిమిషాలు గొంతు సవరణ, మధ్యలో ఒక పావుగంట విరామం. కొత్త భాగాన్ని మొదటి అరగంటలో పెట్టు, గొంతు చించుకునే భాగాన్ని చివర్లో పెట్టకు. కష్టమైన ఫ్యూగ్‌ని (ఒకే పాట వరసని గొంతులు వంతులవారీగా ఎత్తుకుని అల్లే రచనని) ముందు మాటలు లేకుండా, సగం టెంపోలో, సగం గొంతుతో పాడించు. అమెరికన్ క్వయర్ కండక్టర్ రాబర్ట్ షా తన క్వయర్లతో మాటలకు బదులు అంకెలు పాడించేవాడు. ఒకటి-అండ్-రెండు-అండ్ అని ప్రతి సగం బీట్‌నీ మెల్లగా పలుకుతూ స్వరాలు పాడడం. అలా పాడితే పొడుగు స్వరాల లోపల లయ ఎక్కడ జారుతోందో వెంటనే బయటపడుతుంది. టెనార్లకు (ఎత్తు గొంతు మగవాళ్ళకు) పై స్వరాలు పదేపదే పూర్తి గొంతుతో పాడించకు. ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందకి దించి నేర్పు. ఆపిన ప్రతిసారీ మొదట ఎవరు, తర్వాత ఎక్కడ, ఆ తర్వాత ఏమిటి, ఈ వరసలో చెప్పు: “ఆల్టోలు, సి అక్షరానికి నాలుగు బార్ల ముందు, ఫా షార్ప్ ఇంకా పైకి.” (ఆల్టోలంటే కింది శ్రుతి ఆడ గొంతులు, సి అనేది స్కోర్‌లో చోటు చూపే గుర్తు అక్షరం, బార్ అంటే ఒక తాళ ఆవర్తం.) కారణం చెప్పకుండా “మళ్ళీ” అంటే మళ్ళీ అదే తప్పు వస్తుంది.

హల్లు బీట్ కంటే ముందు రావాలి, అచ్చు సరిగ్గా బీట్ మీద పడాలి. చర్చి ప్రార్థనల్లో వచ్చే ‘కీరియె’ అనే మాటలో క బీట్ మీద మొదలైతే, ఆ అచ్చు వచ్చేసరికి ఆర్కెస్ట్రా ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. క్వయర్ ఎప్పుడూ వెనకబడుతోందని ఆర్కెస్ట్రావాళ్ళు చేసే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే. ‘సాంక్టుస్’ చివరి స ఏ బీట్ మీద ముగియాలో స్కోర్‌లో రాయించు, లేకపోతే హాలంతా పాము బుసలా వినపడుతుంది. పొడుగు వాక్యాల్లో ఊపిరిని వంతులవారీగా తీసుకోమను. మాటకీ మాటకీ మధ్య కాదు, బార్ గీత దగ్గర అసలే కాదు, అచ్చు సాగుతుండగా, పక్కవాళ్ళు తీసుకోని క్షణంలో. అలా ఆగినప్పుడు మళ్ళీ మెల్లగా వచ్చి కలవాలి.

శ్రుతి దిగిపోవడం. వాయిద్యాలు లేకుండా పాడే ప్రతి క్వయర్‌కీ ఉన్న జబ్బు ఇది, కానీ కారణం ఒక్కటి కాదు. ఒకే స్వరాన్ని పదేపదే పాడేటప్పుడు ప్రతిసారీ వెంట్రుకవాసి దిగుతుంది. కిందికి దిగే అడుగులు పెద్దవై, పైకి ఎక్కే అడుగులు చిన్నవవుతాయి. కార్డ్‌లో (ఒకేసారి మోగే స్వరాల గుంపులో) థర్డ్ అనే మధ్య స్వరం కిందికి వాలుతుంది. అచ్చు మూసుకుపోతుంది. ఇవేవీ కాకపోతే వాళ్ళు అలసిపోయారు, లేదా నీ టెంపో వాళ్ళ ఊపిరికి మించి నెమ్మదిగా ఉంది. “శ్రుతి దిగుతోంది, చూసుకోండి” అంటే భయంతో గొంతు బిగుసుకుని ఇంకా దిగుతుంది. దిగే అడుగులు చిన్నగా, ఎక్కేవి పెద్దగా వెయ్యమని చెప్పు. ఆ భాగాన్ని ఒక అరస్వరం పైకి మార్చి పాడించి చూడు, చాలాసార్లు నిలబడిపోతుంది. 1874 నాటి వెర్డి ‘రిక్వియెమ్’ (మృతుల కోసం పాడే ప్రార్థన) చివరి భాగంలో సోప్రానో (పై శ్రుతి ఆడ గొంతు), క్వయర్ కలిసి ఏ వాయిద్యమూ లేకుండా పాడే ఘట్టం ఉంది. తర్వాత ఆర్కెస్ట్రా తిరిగి ప్రవేశించగానే శ్రుతి ఎంత దిగిందో హాలంతటికీ తెలుస్తుంది. ఆ ఘట్టాన్ని రిహార్సల్‌లో ప్రతిసారీ చివర పియానో స్వరంతో పోల్చి చూసుకోకుండా వదలకు.

ఆర్కెస్ట్రాతో బలాబలాలు సరిచూడటం కండక్టర్ పనే, వాయించేవాళ్ళ మీదకి నెట్టకు. 1867లో వియన్నాలో బ్రామ్స్ ‘జర్మన్ రిక్వియెమ్’ మొదటి మూడు భాగాలు పాడినప్పుడు, మూడో భాగం చివరి ఫ్యూగ్ కింద సాగే డి స్వరాన్ని టింపనీ (పెద్ద ఢంకాలు) మరీ గట్టిగా మోగించడంతో క్వయర్ వినపడలేదు, సభలో నిరసనగా ఈలలు లేచాయి. ఈరోజు కూడా అక్కడ టింపనీకి ఒక మెట్టు తగ్గించి రాసి ఇవ్వడం మంచిది.

ఒపెరాకి వస్తే, ఎక్కువమందిని పడేసేది రెసిటేటివ్, అంటే మాట్లాడినట్టు పాడే భాగం. ఆర్కెస్ట్రాతో సాగే రెసిటేటివ్‌లో గాయకుడు మాట్లాడినట్టు స్వేచ్ఛగా వెళ్తాడు, మధ్య మధ్య కార్డ్‌లు పడాలి. ఖాళీ బార్లలో నాలుగు బీట్లూ కొట్టకు. ప్రతి బార్‌కీ ఒక్క చిన్న కింది బీట్ చూపించి ఆగు, అప్పుడే వాయించేవాళ్ళు బార్లు లెక్కపెట్టుకోగలరు. ఇలా చేస్తానని ముందే చెప్పు. కార్డ్‌కి అప్‌బీట్ ఏ అక్షరం మీద ఇవ్వాలో స్కోర్‌లో ఆ అక్షరానికి గీత పెట్టు. ఇటాలియన్ రాని కండక్టర్ ఇక్కడ తప్పకుండా ఆలస్యమవుతుంది.

రిహార్సళ్ళలో గాయకులు సగం గొంతుతో, పై స్వరాలు కిందకి దించి పాడతారు. అది వాళ్ళ హక్కు, కోపగించుకోకు. కానీ అప్పుడు వాళ్ళకి తక్కువ ఊపిరి సరిపోతుంది కాబట్టి టెంపో చురుగ్గా నడుస్తుంది. ప్రదర్శనలో పూర్తి గొంతు విప్పేసరికి పెద్ద స్వరం ముందు ఊపిరికి చోటు కావాలి. ఆ చోట్లేవో పియానో రిహార్సల్‌లోనే ఒక్కొక్కరినీ అడిగి గుర్తు పెట్టుకో. గాయకులూ ఆర్కెస్ట్రా మొదటిసారి కలిసి, నటన లేకుండా పాడే రోజున ఈ గుర్తులే నిన్ను కాపాడతాయి.

దూరం ఇంకో శత్రువు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 20 మీటర్ల వెనక ఉన్న క్వయర్ గొంతు నీ చెవికి చేరేసరికి సుమారు 58 మిల్లీసెకన్లు గడుస్తాయి. నిమిషానికి 120 బీట్ల టెంపోలో అది దాదాపు సగం సెమీక్వేవర్, అంటే బీట్‌లో ఎనిమిదో వంతు. అందుకే స్టేజి వెనక క్వయర్ వినికిడిని నమ్మకుండా, మానిటర్‌లో నీ చేయి చూసి, తమకి ముందుగా అనిపించేలా పాడాలి. కొత్త డిజిటల్ తెరలు బొమ్మనే ఆలస్యంగా చూపిస్తాయి, కాబట్టి మానిటర్‌ని ముందు పరీక్షించు. తెర వెనక శ్రుతి పట్టుకోవడమూ కష్టమే. పుచ్చీని తన ఒపెరా ‘మదామా బటర్‌ఫ్లై’లో తెర వెనక నోరు మూసుకుని హమ్ చేసే క్వయర్‌కి తోడుగా వియోలా దామోరె (వయొలిన్ లాంటి పాత వాయిద్యం) రాసింది ఊరికే కాదు. పిట్‌లో నీ బీట్ మామూలు కంటే ఎత్తులో ఉండాలి, స్టేజి అంచు దాటి కనపడాలి. నల్ల బట్టలు వేసుకుంటే చేయి తేలిగ్గా కనపడుతుంది.

ఉద్యోగాల వరస జర్మన్ మాట్లాడే దేశాల్లో స్పష్టంగా ఉంటుంది: కండక్టింగ్ బాధ్యత ఉన్న రెపెటిటర్, రెండో కపెల్‌మైస్టర్ (థియేటర్ కండక్టర్), మొదటి కపెల్‌మైస్టర్, ఆపైన గెనెరాల్‌ముజీక్‌డిరెక్టర్ (సంగీతానికంతటికీ అధిపతి). ఒక్క జర్మనీలోనే ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒపెరా థియేటర్లు సుమారు 80 ఉన్నాయి. పేరుమోసిన కండక్టర్ కరాయన్ కూడా 1929లో ఉల్మ్ అనే చిన్న ఊరి థియేటర్‌లోనే మొదలుపెట్టాడు. అలాంటి చోట ఒకరోజు రిహార్సల్ లేకుండా ‘లా బొహెమ్’ నడిపించమంటారు. రెండో అంకంలో జనం, పిల్లల క్వయర్, స్టేజి మీద బ్యాండ్, ఆరుగురు ప్రధాన గాయకులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో కంఠస్థం లేకపోతే బయటపడలేవు. క్వయర్ మాస్టర్ దారి వేరు. పేరు పోస్టర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ప్రదర్శన రోజు కండక్ట్ చేసేది వేరొకరు. అయినా దాన్ని తక్కువ చేసి చూడకు. 1951 నుంచి జర్మనీలోని బైరాయిట్ ఒపెరా ఉత్సవం క్వయర్‌ని తయారుచేసిన విల్‌హెల్మ్ పిట్స్ పేరు పాడేవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. గొంతుల మీద నీకున్న ఆసక్తి చూస్తే నువ్వు ఈ దారిలోనే ఎక్కువ సంతోషంగా ఉంటావేమోనని నా అనుమానం.

ఈ ఏడాది పన్నెండు నుంచి పదహారు మందితో సొంత క్వయర్ పెట్టుకో. ఆడిషన్ వీడియోలో కేవలం కచేరీ పంపకు. కెమెరా నీ ముఖానికి ఎదురుగా ఉండాలి, కోతల్లేని పది నిమిషాల రిహార్సల్ కూడా ఉండాలి. చూసేవాళ్ళకి కావలసింది ఆ పది నిమిషాలే. వచ్చే నెల కలిసినప్పుడు ‘ఫిగరో’ రెండో అంకం ఫినాలే మొత్తం, ఇరవై నిమిషాలూ, ఇద్దరి నుంచి ఏడుగురి దాకా పెరిగే వంతులన్నీ పాడుతూ వాయించు. నీ పియానో స్కోర్‌లో బార్ అంకెలు లేకపోతే ఇప్పుడే పెన్సిలుతో వేసుకుని, పెద్ద స్కోర్‌తో సరిపోల్చుకుని రా.

మీ మాస్టారు