పాత ఇల్లు కొన్నారా? మార్చి దాటేదాకా బేస్‌మెంట్ జోలికి పోకండి

అమెరికా నుంచి సంక్రాంతికి కావలి వచ్చాను. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తున్నారు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు. పోయిన ఆదివారం ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. వాళ్లబ్బాయి మసాచుసెట్స్‌లో 1950ల్లో కట్టిన ఇల్లు కొన్నాడంట, కింద బేస్‌మెంట్ ఫొటోలు పంపాడు. "ఏంది నాయనా ఇది, నేల కింద కొట్టుగదిలా ఉంది, ఇందులో సినిమా హాలు కడతానంటాడు" అంది. ఫొటో పెద్దది చేసి చూస్తే గోడ అడుగున జానెడు ఎత్తున తెల్లటి పొడి. ఆమెకి చూపించాను. "మన పెరటి గోడకి మల్లే ఉప్పు పట్టిందే!" అంది వెంటనే. ఉప్పు పట్టిందంటే గోడలో తేమ ఉన్నట్టే. ఈ ఒక్క మాట తెలియక నేను అక్కడ వేల డాలర్లు పోసుకున్నాను.

ఆ రాత్రి అబ్బాయితో గంటసేపు మాట్లాడాను. బేస్‌మెంట్‌ని గదిగా ఎలా చేయించుకోవాలి అని అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే రాస్తున్నా.

ముందు అసలు ఆ గది ఎందుకుందో తెలియాలి. మసాచుసెట్స్‌లో చలికాలం నేల గడ్డకడుతుంది కాబట్టి పునాది 4 అడుగుల లోతుకి దించాలి, ఎలాగూ అంత తవ్వాం కదా అని ఇంకాస్త తవ్వి గది చేసుకున్నారు. నేల అంతగా గడ్డకట్టని డాలస్‌లో మీ బావ ఇంట్లో అది సాధారణంగా ఉండదు. అంటే ఆ గది చుట్టూ తడి మట్టి, లోపల మీ సోఫా. పాత ఇళ్లలో ఆ గోడకి బయట వేసిన తారు పూత ఎప్పుడో పోయి ఉంటుంది, కొన్నింటికి అసలు వేసి ఉండరు.

నేను సెప్టెంబర్లో ఇల్లు కొని క్రిస్మస్‌కల్లా కింద అంతా తయారు చేయించాను. గోడకి ఆనించి చలి ఆపే గ్లాస్ వూల్, దాని మీద డ్రైవాల్ (జిప్సం బోర్డు), కింద మెత్తటి కార్పెట్. మనకి నీళ్ల భయం అంటే కార్తీకం, తుపాను, పెన్నకి వరద. అక్కడ ఆ భయం మార్చిలో. మంచు కరుగుతుంటుంది, దాని మీద వాన పడుతుంది, అడుగున నేల ఇంకా గడ్డగానే ఉంటుంది, నీళ్లు ఇంకే దారి లేక మీ గోడ వెతుక్కుంటాయి. ఆ మార్చిలో నాకు అలాంటి రాత్రే వచ్చింది, కరెంటు కూడా పోయింది. మనూళ్లో సంపు అంటే నీళ్లు దాచుకునేది, అక్కడ సంపు అంటే నేల కింద ఊరిన నీళ్లు మోటారుతో బయటికి తోడేది. కరెంటు లేకపోతే మోటారు లేదు, నాకు బ్యాటరీ బ్యాకప్ లేదు. తెల్లవారుజామున మెట్లు దిగి కార్పెట్ మీద కాలు పెడితే చప్‌మని చీలమండ దాకా తడి. డ్రైవాల్ ఆ నీళ్లని ఒత్తిలా పైకి పీల్చుకుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే, సంపు పొంగితే మామూలు పాలసీలో రాదు, దానికి విడిగా రైడర్, అంటే పాలసీకి అదనపు కవరేజీ, తీసుకోవాలి అన్నారు. నాకు ఆ పదం వినడమే అప్పుడు. మీరు ఈ రోజే మీ పాలసీ తీసి చూసుకోండి.

కాబట్టి ఒక మార్చి, ఒక ఏప్రిల్ చూడండి. ఈలోపు రెండడుగుల ప్లాస్టిక్ షీటు గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు చెమరిస్తే గాలిలో తేమ, దాన్ని లాగేసే డీహ్యూమిడిఫైయర్ మిషను సరిపోవచ్చు. గోడ వైపు చెమరిస్తే నీళ్లు బయటినుంచి వస్తున్నాయి. అప్పుడు కూడా వెంటనే పది వేల డాలర్ల వాటర్‌ప్రూఫింగ్ వాడిని పిలవకండి. చాలా ఇళ్లలో తప్పు పైకప్పు గట్టర్లది (చూరు నీళ్లు పట్టే కాలువలు), ఆకులతో పూడిపోయి, పైపు సరిగ్గా పునాది పక్కనే నీళ్లు దింపుతుంటుంది. పైపుని 6 అడుగుల దూరానికి పొడిగించండి, ఇంటి చుట్టూ మట్టి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు వాలేట్టు పోయించండి. నాకు సగం తడి దీనితోనే పోయింది.

రేడాన్ టెస్టు కిట్ కొని పెట్టండి. నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు, రంగూ వాసనా ఉండదు, లీటరు గాలికి 4 పికోక్యూరీలు (దాన్ని కొలిచే లెక్క) ఉన్నా, దాటినా దాన్ని బయటికి లాగే పైపు, ఫ్యాను పెట్టించాలి. ఫ్లోరింగ్ వేశాక ఆ పని చేయిస్తే వేసింది మళ్లీ పగలగొట్టాలి.

ఇంకొకటి, 9 అంగుళాల చదరపు పాత టైల్స్ నేల మీద ఉన్నా, పైపులకి తెల్లటి పట్టీ చుట్టి ఉన్నా, శనివారం ఫ్రెండ్స్‌ని పిలిచి సుత్తులతో పీకేద్దాం అనుకోకండి. ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ కావచ్చు, ముందు ల్యాబ్‌కి పంపండి.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్లలో చాలామంది కింద ఒక బెడ్‌రూమ్ వేయించేది అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారని. మంచం వేసినంత మాత్రాన అది బెడ్‌రూమ్ కాదు. నిప్పంటుకుంటే మెట్ల దారి మూసుకుపోతుంది, కాబట్టి మనిషి దూరి బయటపడే కిటికీ ఉండాలి. మామూలు బిల్డింగ్ కోడ్ ప్రకారం 5.7 చదరపు అడుగుల ఖాళీ (నేలమట్టానికి దగ్గర్లో ఉన్న కిటికీకి 5), అంచు నేలనుంచి 44 అంగుళాలకి మించకూడదు. పాత ఇళ్లలో పైన ఉండే చిన్న గవాక్షంలోంచి పిల్లి దూరుతుంది. పునాది కోసి కిటికీ పెట్టాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది. డబ్బు లేకపోతే కింద ఆఫీసు రూమ్ చేసుకుని పైన గది వాళ్లకి ఇవ్వండి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రోజూ ఆ మెట్లు ఎక్కించి దించడం నాకైతే నచ్చదు.

మనూళ్లో ప్లాన్ ఒకటి, కట్టేది ఒకటి. అక్కడ పర్మిట్ లేకుండా చేస్తే అమ్మేటప్పుడు కొనేవాడు పట్టుకుంటాడు. మసాచుసెట్స్‌లో కాంట్రాక్టర్ అడ్వాన్సుగా మూడో వంతుకి మించి అడగకూడదు, ప్రత్యేకంగా ఆర్డర్ పెట్టే సామానుకి మాత్రం సర్దుబాటు ఉంది. మా ఊరివాడే కదా అని రసీదు లేకుండా సగం ఇచ్చిన నన్ను చూసి నేర్చుకోండి. పని సగంలో వదిలి వెళ్లాడు, పెళ్లిళ్లలో కనపడితే ఇప్పటికీ నవ్వుతాడు.

సామాను విషయం ఎక్కువ చెప్పను. గోడకి ముందు గట్టి ఫోమ్ బోర్డు, నేలకి వినైల్ (ప్లాస్టిక్) ప్లాంకులు, డ్రైవాల్ నేలకి అర అంగుళం పైన ఆపాలి, నీళ్ల మెయిన్ వాల్వు దగ్గర తలుపు వదలాలి. చివర్లో చిన్న కౌంటర్ వేయించుకుంటే బంగారు చుక్కల నల్ల రాయి చూపిస్తారు, బ్లాక్ గెలాక్సీ అని. ఒంగోలు పక్కన చీమకుర్తి రాయి అది. నేను దాన్ని తడుముతూ కాసేపు నిలబడ్డాను, ధర చూసి చెయ్యి తీసేశాను.

పొద్దున ఆ అబ్బాయి ప్లాస్టిక్ షీటు ఫొటో పంపాడు. చుక్కలు గోడ వైపే. పెద్దమ్మకి చూపిస్తే "చెప్పలా" అంది. గట్టర్ పైపులు ఎక్కడ దిగుతున్నాయిరా అని అడిగితే "మంచు కింద ఉన్నాయి అన్నా, కనపడటం లేదు" అన్నాడు. ప్రొజెక్టర్ మాత్రం ఆర్డర్ పెట్టేశాడంట, ప్రస్తుతానికి హాల్లో పెట్టుకుంటాడు.