ఉమ్మడి ల్యాబుకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఊపిరితిత్తుల కణాల మీద నానో వెండి (కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు) ప్రభావం చూడటానికి యూరప్‌లోని ఉమ్మడి ల్యాబుకు అప్లికేషన్ పెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన డ్రాఫ్టు మాత్రం సగానికి పైగా ఏ మైక్రోస్కోప్ కావాలి, ఎన్ని గంటలు కావాలి అన్నదానితోనే నిండిపోయింది తల్లీ. మెషీన్లు ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతాయి. మన దేశంలోనే 2020లో మొదలైన, పరిశోధన పరికరాల వివరాలుండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతుక్కోవచ్చు. అక్కడికి వెళ్లి నువ్వు తెచ్చుకోవాల్సింది వేరే ఊళ్లో వేరేవాళ్ల ఫలితం పక్కన పెట్టి చూడగలిగే ఫలితం.

ఇలాంటి ఏర్పాటు అవసరం ఎందుకొచ్చిందో కాస్త గుర్తుచేసుకో. ఒకే పేరున్న పదార్థం ఒక పేపర్లో కణాలను చంపేది, ఇంకో పేపర్లో వాటికి ఏమీ అయ్యేది కాదు. బ్యాచ్ వేరు, కలిపిన పద్ధతి వేరు, పరీక్ష వేరు. ఎవరిది నిజమో తేల్చే దారి ఉండేది కాదు. పలు దేశాలు ఆర్థిక సహకారం కోసం కలిసి నడిపే ఓఈసీడీ సంస్థ 2006లో దీనికోసం ప్రత్యేక బృందాన్ని పెట్టింది. ఇటలీలోని ఇస్ప్రాలో యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం ఒకే లాట్ (ఒకేసారి తయారైన) పదార్థాన్ని చిన్న చిన్న వయల్స్‌లో (సీసాల్లో) నింపి ల్యాబులకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2011లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ సమన్వయంతో క్వాలిటీనానో అనే ఉమ్మడి ల్యాబుల ప్రాజెక్టు వచ్చింది. ఎంపికైన పరిశోధకుల ప్రయాణం, బస ఖర్చులు భరించి, తెలిసినవాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకునే వీలు కల్పించింది. తూకంరాళ్లు ఒకటే అయినప్పుడే కదా రెండు కొట్ల ధరలు పోల్చగలం!

అందుకే నీ వెండితో పాటు ఇస్ప్రా వెండి కూడా అడుగు. దాని పేరు ఎన్ఎం-300కే. వెండి రేణువులు 15 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ద్రావణంలో వెండి దాదాపు 10 శాతం. వెండి లేకుండా, దాన్ని విడివిడిగా నిలబెట్టే ద్రవం మాత్రమే ఉన్న వయల్ కూడా దొరుకుతుంది. అది తప్పకుండా తీసుకో. ఆ ద్రవంలో ట్వీన్ లాంటి సర్ఫాక్టెంట్లు (సబ్బులాంటి పదార్థాలు) ఉంటాయి, వాటికవే కణాలను దెబ్బతీయగలవు. ఆ కంట్రోల్ (పోలిక కోసం పెట్టే నమూనా) లేకపోతే కణాలు చచ్చింది వెండి వల్లేనని ఏ ధైర్యంతో రాస్తావు? సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ కూడా పెట్టు. నానో రేణువు నుంచి కరిగి వచ్చిన వెండి అయాన్ల పని ఎంతో, రేణువు పని ఎంతో విడదీయడానికి అదే ఆధారం.

పోలిక కోసం టైటానియం డయాక్సైడ్ పొడి కూడా వాడతానన్నావు. పొడిని ద్రవంలో చెదరగొట్టే దగ్గరే ల్యాబులు విడిపోతాయి. నానోజీనోటాక్స్ అనే యూరప్ ప్రాజెక్టు పద్ధతిలో మిల్లీలీటరుకు 2.56 మిల్లీగ్రాముల పొడి, 0.05 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్న నీళ్లు, ఐస్ మీద 16 నిమిషాల ప్రోబ్ సోనికేషన్ (ద్రవంలో ముంచిన కడ్డీతో శబ్ద తరంగాలు పంపడం). కానీ నిమిషాలు రాసుకుంటే సరిపోదు. అదే నాబ్ సెట్టింగ్ దగ్గర రెండు సోనికేటర్లు ఒకే శక్తి ఇవ్వవు, అరిగిన ప్రోబ్ ఇంకా తక్కువిస్తుంది. కొలిచిన నీళ్లలో ప్రోబ్ పెట్టి, ఎంతసేపటికి ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో చూసి అసలు శక్తి లెక్కగట్టు. అక్కడి టెక్నీషియన్‌ని మొదటి రోజే అడిగి ఈ పని చేసెయ్.

తర్వాత సైజు. కంపెనీ కాగితం మీదున్న సైజు నీ కణాలు చూసే సైజు కాదు. సీరం ఉన్న మీడియాలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) వేయగానే రేణువులకు ప్రొటీన్లు చుట్టుకుంటాయి, కొన్ని రేణువులు గుంపుకడతాయి, వెండి అయాన్లు అందులోని క్లోరైడుతో కలుస్తాయి. నీళ్లలో ఒకసారి, మీడియాలో కలిపిన వెంటనే ఒకసారి, పరీక్ష ముగిసే 24 గంటల దగ్గర ఇంకోసారి కొలువు. విసుగ్గానే ఉంటుంది, అయినా వదలొద్దు.

ఎంటీటీ (కణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పే పరీక్ష) ఒక్కటే నమ్ముకోకు. కార్బన్ నానోట్యూబులకు ఆ పరీక్షలో ఏర్పడే ఫార్మజాన్ అనే రంగు స్ఫటికాలు అతుక్కుపోయి, బతికున్న కణాలే చచ్చినట్టు రీడింగ్ వస్తుందని 2006లో జర్మనీలోని కార్ల్స్‌రూ పరిశోధకులు చూపించారు. కణాలు లేని ప్లేటులో నీ పదార్థం, రంగు మాత్రమే వేసి చూడు. వేరే సూత్రం మీద పనిచేసే పరీక్ష ఇంకొకటి జతచెయ్. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరీక్ష వెళ్లేముందే చేయించుకో. మామూలు ఆటోక్లేవ్‌ (ఆవిరి వేడి)తో అది పోదు.

ఏ ప్రభావమూ కనిపించని రీడింగులు కూడా లాట్ నంబరు, వయల్ తెరిచిన తేదీ, సోనికేటర్ శక్తితో సహా డేటాబేస్‌లో పెట్టాలి. పెట్టకపోతే నీ తర్వాత వచ్చే పిల్ల అదే పనికి మళ్లీ నెలలు పోగొట్టుకుంటుంది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎంట్రీ ఫార్మాట్ ముందే తెప్పించుకుని, నోట్‌బుక్ అదే వరసలో రాసుకో. తిరిగొచ్చాక ఎక్కిస్తాలే అనుకోకు, చివరి రెండు రోజులు ప్లానులోనే దానికి కేటాయించు.

ఇవన్నీ కలిపి డ్రాఫ్టు మార్చి పంపు. కంట్రోల్స్ పట్టిక ముందు పెట్టు, మైక్రోస్కోప్ గంటలు చివర్లో. నేను చూసి వెంటనే పంపిస్తాను.

నీ మామయ్య